అమెరికా బడులు, తుపాకులు: తెలుగు తల్లిదండ్రులు చేయగలిగిన పనులు, అడగవలసిన ప్రశ్నలు

ఆగస్టులో అమెరికాలో బడులు తెరిచే వేళకు ప్రతి ఇంటికీ ఒక కాగితాల కట్ట వస్తుంది, లేదా బడి వారి పోర్టల్‌లో పూరించవలసిన పత్రాలు వరుసగా కనబడతాయి. టీకాల వివరాలు, బస్సు దారి, భోజన ఖాతా, కొనవలసిన పెన్సిళ్ల జాబితా అన్నీ శ్రద్ధగా చూసే తల్లిదండ్రులు కూడా, ఆపద వచ్చినప్పుడు బడి ఏం చేస్తుందో చెప్పే పేజీని మాత్రం చదవకుండానే సంతకం పెట్టేస్తారు. ఆ పేజీ వెనక ఉన్న తుపాకుల భయాన్నీ, దాని చుట్టూ సాగే చర్చనూ ఎలా ఎదుర్కోవాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. హెచ్‌-1బి మీదో, గ్రీన్‌కార్డు మీదో, పౌరసత్వంతోనో అక్కడ స్థిరపడి పిల్లలను ప్రభుత్వ బడులకు పంపుతున్న తెలుగు కుటుంబాల కోసం రాసినది ఇది. తుపాకుల చట్టాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి కనుక, మీ రాష్ట్రంలో నిబంధన ఏమిటో ఎవరికి వారు సరిచూసుకోవాలి.

అంకెలు చదివే పద్ధతి

బడిలో కాల్పులు జరిగిన ప్రతిసారీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక అంకె తిరగడం మొదలవుతుంది. ఈ ఏడాది ఇది వందో ఘటన అని ఒకరు, కాదు పదోదే అని మరొకరు వాదించుకుంటారు. ఇద్దరి అంకెలూ నిజమే కావచ్చు, ఎందుకంటే లెక్కించే పద్ధతులు వేరు. కె-12 స్కూల్ షూటింగ్ డేటాబేస్ అనే జాబితాలో, బడి ఆవరణలో ఎవరైనా తుపాకి చూపి బెదిరించినా, పేల్చినా, బయటి నుంచి వచ్చిన తూటా గోడకు తగిలినా, అది ఏ వేళ జరిగినా, ఏ కారణం చేత జరిగినా నమోదవుతుంది. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక 1999లో కొలరాడోలోని కొలంబైన్ హైస్కూలులో జరిగిన కాల్పుల నుంచి లెక్కగట్టిన జాబితాలో బడి నడిచే వేళల్లో, కాస్త ముందు వెనకల్లో జరిగిన కాల్పులే చేరతాయి. 2018 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్‌లో 17 మంది చనిపోయిన తర్వాత, ఆ ఏడాది అప్పటికే 18 స్కూల్ షూటింగులు జరిగాయన్న మాట దేశమంతా పాకింది. ఆ 18లో ఒకటి, నెలల కిందటే మూతపడిన ఒక ప్రాథమిక పాఠశాల పార్కింగులో ఒక వ్యక్తి తనను తాను కాల్చుకున్న ఘటన. కాబట్టి ఏ అంకె కనబడినా, దానిలో ఏవేవి కలిపారో తెలుసుకున్న తర్వాతే పక్కవారికి పంపాలి.

భయాన్ని సరైన చోట పెట్టుకోవడానికి మరొక విషయం తెలిసి ఉండాలి. 2020 నుంచి అమెరికాలో పిల్లలు, కౌమార వయసు వారి మరణాలకు కారణాల్లో తుపాకి రోడ్డు ప్రమాదాలను దాటి మొదటి స్థానానికి వచ్చింది. అయితే ఆ మరణాల్లో అత్యధికం తరగతి గదిలో జరిగేవి కావు. అవి ఇళ్లలో, వీధుల్లో జరిగే హత్యలు, ఆత్మహత్యలు, ఆటలో చేజారి పేలిన ప్రమాదాలు. పెద్దలనూ కలిపి చూస్తే 2021లో ఆ దేశంలో తుపాకుల వల్ల చనిపోయిన 48,830 మందిలో సగానికి పైగా ఆత్మహత్య చేసుకున్నవారే. బడిలో సామూహిక కాల్పులు అరుదైనవే అయినా, వాటికి వాడిన తుపాకులు, ఇంట్లో ప్రాణం తీసే తుపాకులు చాలాసార్లు ఒకే అలమర నుంచి వస్తాయి. తల్లిదండ్రులు మొదలుపెట్టవలసింది అక్కడి నుంచే.

తుపాకి ఏ ఇంటిది

అమెరికా సీక్రెట్ సర్వీసులోని బెదిరింపుల అంచనా కేంద్రం 2008 నుంచి 2017 వరకు బడుల్లో జరిగిన 41 దాడులను పరిశీలించి 2019లో ఒక నివేదిక వెలువరించింది. తుపాకి వాడినవారిలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది దానిని తల్లిదండ్రుల ఇంటి నుంచో దగ్గరి బంధువుల ఇంటి నుంచో తెచ్చుకున్నారని, వాటిలో చాలా తుపాకులు తాళం లేకుండానో, తేలిగ్గా చేతికి అందేలాగానో ఉన్నాయని ఆ నివేదిక తేల్చింది. 2012 డిసెంబరు 14న కనెటికట్‌లోని శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో 20 మంది పిల్లలను, ఆరుగురు పెద్దలను చంపిన యువకుడు వాడినవి అతని తల్లి చట్టబద్ధంగా కొన్న తుపాకులే, మొదట చనిపోయినదీ ఆ తల్లే. 2018 మేలో టెక్సస్‌లోని శాంటా ఫే హైస్కూలులో 10 మంది ప్రాణాలు తీసిన షాట్‌గన్, రివాల్వరు ఆ విద్యార్థి తండ్రివి.

మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూలులో జరిగినది ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవలసిన ఉదంతం. 2021 నవంబరు 30న ఉదయం 15 ఏళ్ల విద్యార్థి లెక్కల కాగితం మీద తుపాకి బొమ్మ గీసి, ఆలోచనలు ఆగడం లేదని, సాయం చేయమని రాసుకోవడం ఉపాధ్యాయురాలి కంటపడింది. బడి వారు తల్లిదండ్రులను పిలిపించి, వెంటనే మానసిక వైద్య సహాయం ఇప్పించమన్నారు. వారు పిల్లవాడిని ఇంటికి తీసుకువెళ్లకుండా తమ పనులకు వెళ్లిపోయారు. నాలుగు రోజుల ముందు తండ్రి కొన్న పిస్తోలు ఆ సమయంలో పిల్లవాడి సంచిలోనే ఉంది. గదిలో ఉన్న పెద్దలలో ఒక్కరూ ఆ సంచి తెరిచి చూడలేదు. కొన్ని గంటల తర్వాత అతను జరిపిన కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు. 2024లో తల్లిని, తండ్రిని వేర్వేరుగా విచారించిన జ్యూరీలు ఇద్దరినీ నరహత్య నేరం కింద దోషులుగా తేల్చాయి, న్యాయస్థానం ఒక్కొక్కరికి 10 నుంచి 15 ఏళ్ల శిక్ష వేసింది. పిల్లవాడు చేసిన సామూహిక హత్యకు తల్లిదండ్రులకు ఆ దేశంలో ఇలాంటి శిక్ష పడడం అదే మొదటిసారి.

ఇప్పుడు మన ఇంటి సంగతి. 2023 మేలో డాలస్ దగ్గరి ఆలెన్ మాల్‌లో జరిగిన కాల్పుల్లో చనిపోయిన 8 మందిలో హైదరాబాదు నుంచి వెళ్లిన యువ ఇంజనీరు ఒకరు ఉన్నారు. అలాంటి వార్త విన్న తర్వాత ఆత్మరక్షణకు మనమూ ఒకటి కొంటే ఏమన్న ఆలోచన ఎవరికైనా రావడం సహజం. కొనే ముందు తెలుసుకోవలసినది వీసా నిబంధన. హెచ్‌-1బి, హెచ్‌-4, ఎల్‌-1, ఎఫ్‌-1 వంటి వలసేతర వీసాల మీద ప్రవేశించినవారు తుపాకి గాని, తూటాలు గాని కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. స్నేహితుడి తుపాకి ఇంట్లో దాచిపెట్టడం, షూటింగ్ రేంజిలో సరదాకి అద్దెకు తీసుకుని కాల్చడం కూడా ఈ చట్టం పరిధిలోకి రావచ్చు. దీన్ని ఉల్లంఘిస్తే జైలుశిక్షతో పాటు దేశం నుంచి పంపివేతకూ దారితీయవచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి, పౌరులకు ఈ నిషేధం వర్తించదు.

చట్టం అనుమతించి, ఇంట్లో తుపాకి ఉంచుకోవాలనే నిర్ణయించుకుంటే, దానిలో తూటాలు తీసేసి, తాళం పడే ఇనుప పెట్టెలో పెట్టాలి. తూటాలను వేరే చోట, వేరే తాళం కింద ఉంచాలి. తాళంచెవి దేవుడి గూట్లోనో, చీరల బీరువాలోనో పెట్టి పిల్లలకు తెలియదనుకోవడం పెద్దల భ్రమ, తీపి డబ్బా ఎక్కడ దాచినా కనిపెట్టే పిల్లలు దీన్నీ కనిపెడతారు. కేబుల్ తాళాలను చాలా ఊళ్లలో పోలీసు శాఖలు ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ కార్యక్రమం కింద ఉచితంగా ఇస్తాయి, ఫోన్ చేసి అడిగితే చాలు. ఇంట్లో టీనేజి పిల్లలెవరైనా దిగులుగా, ముభావంగా ఉంటున్నారనిపిస్తే, ఆ కాలమంతా తుపాకి ఇంట్లో లేకుండా చూడడమే మంచిది. మాట్లాడే మనిషి అవసరమైతే 988 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ గాని, మెసేజి గాని చేయవచ్చు.

మన ఇంట్లో తుపాకి లేకపోయినా, పిల్లలు ఆడుకోవడానికి వెళ్లే ఇళ్లలో ఉండవచ్చు. 2021లో జరిగిన ఒక జాతీయ సర్వే అంచనా ప్రకారం సుమారు 46 లక్షల మంది అమెరికా పిల్లలు, తూటాలు నింపి తాళం వేయని తుపాకి ఉన్న ఇళ్లలో పెరుగుతున్నారు. అడగడానికి మనవాళ్లకు మొహమాటం అడ్డొస్తుంది. ఎదుటివారిని అనుమానించినట్టు అవుతుందేమోనని, అది వారి సొంత విషయమని సర్దుకుంటాం. అమెరికా పిల్లల వైద్యుల సంఘం మాత్రం ఈ ప్రశ్న అడగమనే చెబుతోంది, ఏటా జూన్ 21ని అందుకోసమే ఒక ప్రచార దినంగా జరుపుతున్నారు. సులువైన మార్గం ఏమిటంటే, ఆ ప్రశ్నను ఒంటరిగా అడగకుండా మిగతా ప్రశ్నల మధ్య కలపడం. మా అబ్బాయికి వేరుశెనగ పడదు, కుక్కంటే కొంచెం భయం, మీ పెరట్లో ఈతకొలను ఉందా, ఇంట్లో తుపాకి ఉంటే తాళం వేసి ఉంటుందా అని ఒకే మెసేజిలో రాయవచ్చు. మొదటి ప్లేడేట్‌కు ముందే ఇది అడిగేస్తే, తర్వాత స్లీప్‌ఓవర్ దగ్గర ఇబ్బంది ఉండదు. అడిగినందుకు నొచ్చుకునేవారు తక్కువే, తుపాకులున్న కుటుంబాల్లో చాలామంది తమ పెట్టె గురించి వివరంగానే చెబుతారు. సమాధానం నచ్చకపోతే పిల్లలిద్దరినీ మీ ఇంట్లోనే ఆడుకోనివ్వండి, సంజాయిషీ ఇవ్వవలసిన పని లేదు.

చిన్నపిల్లలకు నేర్పవలసినది నాలుగే మాటలు: తుపాకి కనబడితే ఆగాలి, ముట్టుకోకూడదు, అక్కడి నుంచి వచ్చేయాలి, పెద్దవాళ్లకు చెప్పాలి. తుపాకి హక్కుల కోసం పోరాడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ వారే ఈ పాఠాన్ని దశాబ్దాలుగా ప్రచారం చేస్తున్నారు. చర్చలో ఏ పక్షానికి చెందినవారైనా దీనిని కాదనరు. అయితే పిల్లల కుతూహలం పాఠాన్ని మరిపిస్తుంది కనుక, ఈ నాలుగు మాటలు తాళానికి బదులు కావు.

బడి నుంచి వచ్చే సందేశం

పనిలో ఉండగా బడి నుంచి మెసేజి వస్తే గుండె ఆగినంత పనవుతుంది. ఆ సందేశంలోని మాటను బట్టి ఆపద తీరు తెలుసుకోవడం నేర్చుకుంటే సగం ఆందోళన తగ్గుతుంది. చాలా బడులు ఐ లవ్ యూ గైస్ ఫౌండేషన్ రూపొందించిన పద్ధతిని వాడతాయి. 2006లో కొలరాడోలోని ఒక హైస్కూలులో కాల్పులకు బలైన అమ్మాయి తల్లిదండ్రులు ఆ సంస్థను స్థాపించారు, ఆ అమ్మాయి చివరిగా పంపిన మెసేజిలోని మాటలే దాని పేరు.

హోల్డ్ అంటే పిల్లలు తరగతి గదిలోనే ఉండాలని, వరండా ఖాళీగా ఉంచాలని. ఎవరో స్పృహ తప్పి పడిపోయి అంబులెన్సు రావలసి వచ్చినప్పుడు కూడా ఇది ప్రకటిస్తారు. సెక్యూర్ అంటే ఆపద బడి బయట ఉందని. దగ్గరలో పోలీసులు ఎవరినో వెంటాడుతున్నప్పుడు బయటి తలుపులన్నీ మూసేసి, లోపల పాఠాలు మామూలుగా సాగిస్తారు. లాక్‌డౌన్ అన్నప్పుడే ఆపద బడి లోపల ఉందని భావించాలి: గది తలుపుకు తాళం, దీపాలు ఆర్పడం, కిటికీకి కనబడని మూల నిశ్శబ్దంగా కూర్చోవడం. ఎవాక్యుయేట్, షెల్టర్ అనే మరో రెండు మాటలు ఎక్కువగా గ్యాస్ లీకులు, సుడిగాలుల వంటి సందర్భాల్లో వినిపిస్తాయి. సెక్యూర్ మెసేజికి ఆఫీసు వదిలి పరుగెత్తే తల్లిదండ్రులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

లాక్‌డౌన్ అని వచ్చినప్పుడు పిల్లలకు ఫోన్ చేయకూడదు. చీకటి గదిలో మోగిన ఫోను, వెలిగిన తెర వారున్న చోటును చెప్పేస్తాయి. బడి దగ్గరికి కారులో వెళ్తే అంబులెన్సులకు, పోలీసు వాహనాలకు దారి మూసుకుపోతుంది. 2022 మే 24న టెక్సస్‌లోని యువాల్డీలో, 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు చనిపోయిన రోజున, వందల మంది పోలీసులు వచ్చి కూడా 77 నిమిషాల పాటు ఆ తరగతి గదిలోకి వెళ్లకుండా ఉండిపోవడం, బయట తల్లిదండ్రులను అడ్డుకోవడం తెలిసినవారికి ఈ సలహా మింగుడుపడదు. అయినా చాలా సందర్భాల్లో ఇదే సరైన పని, తర్వాత ఎక్కడికి రావాలో బడి వారే చెబుతారు.

ఆ చోటును రీయూనిఫికేషన్ కేంద్రం అంటారు. అక్కడ ఫొటో గుర్తింపు చూపి, బడి జాబితాలో పేరున్నవారికే పిల్లలను అప్పగిస్తారు. మన ఇళ్లలో చిక్కు వచ్చేది ఇక్కడే. తల్లిదండ్రులిద్దరూ నగరానికి గంట దూరంలో పనిచేస్తుంటారు, ఇంట్లో ఉన్నది ఇండియా నుంచి ఆరు నెలలకు వచ్చిన అమ్మమ్మ, తాతయ్య. వారికి కారు నడపడం రాదు, పేరు జాబితాలో ఉండదు, పాస్‌పోర్టు పెట్టెలో అడుగున ఉంటుంది. అందుకని బడి తెరిచిన వారంలోనే అత్యవసర సంప్రదింపుల జాబితాలో, పగలు ఇంటి దగ్గర ఉండే ఒకరిద్దరు స్నేహితుల పేర్లు చేర్చండి. పెద్దవాళ్ల పేరు చేర్చితే పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతోనే రాయండి, ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడా కూడా గుమ్మం దగ్గర ఆలస్యానికి కారణమవుతుంది. ఫోన్ నంబరు మార్చినప్పుడల్లా పోర్టల్‌లో కూడా మార్చాలి.

డ్రిల్లులు, పిల్లలతో మాట్లాడడం

కొలంబైన్ తర్వాత పుట్టిన పిల్లలకు లాక్‌డౌన్ డ్రిల్ అగ్నిప్రమాద డ్రిల్ లాగే మామూలైపోయింది. అయితే అన్ని డ్రిల్లులూ ఒకటి కావు. తలుపు వేసి, దీపం ఆర్పి, టీచరు చెప్పినట్టు కూర్చోబెట్టే డ్రిల్లు ఒక రకం. ముందు చెప్పకుండా, నకిలీ కాల్పుల చప్పుడుతో, నకిలీ రక్తంతో చేసేవి మరో రకం. 2019లో ఇండియానాలో ఒక శిక్షణలో ఉపాధ్యాయులను మోకాళ్ల మీద కూర్చోబెట్టి ప్లాస్టిక్ గుండ్లతో కొట్టిన సంగతి బయటపడి పెద్ద దుమారం రేగింది. పిల్లల వైద్యుల సంఘం 2020లో ఇలాంటి నాటకీయ డ్రిల్లులు వద్దని స్పష్టంగా చెప్పింది. కాబట్టి మీ బడిని అడగవలసినవి ఇవి: డ్రిల్లు ఏడాదికి ఎన్నిసార్లు, తల్లిదండ్రులకు ముందుగా తెలియజేస్తారా, పిల్లలకు అది డ్రిల్లే అని చెబుతారా, చప్పుళ్లు, నటన ఉంటాయా, భయపడే పిల్లలకు మినహాయింపు ఉందా. ఆటిజం ఉన్న పిల్లలకైతే ఆ వివరాలను వారి ప్రత్యేక విద్యా ప్రణాళికలోనే రాయించుకోవచ్చు.

చాలా తెలుగు ఇళ్లలో ఈ విషయం పిల్లల ముందు ఎత్తరు, చెబితే భయపడతారని. కానీ బడిలో వారు నేర్చుకున్నది మనకన్నా ఎక్కువే ఉంటుంది. ఒకటో తరగతి పిల్లతో ఎక్కువ వివరాలు అవసరం లేదు: ఇవాళ డ్రిల్లులో ఏం చేశారు, ఎక్కడ కూర్చున్నావు అని అడిగి, చెప్పింది విని, టీచరు చెప్పినట్టు చేయడం మంచిదని అంటే చాలు. మిడిల్ స్కూలు పిల్లలైతే వార్తల గురించి నేరుగా అడుగుతారు, జవాబు దాటవేస్తే టిక్‌టాక్‌లో వెతుక్కుంటారు. ఘటన జరిగిన వెంటనే టీవీ వార్తలు రోజంతా నడవనివ్వకండి. తూటాలను ఆపుతుందని అమ్మే స్కూలు బ్యాగుల మీద డబ్బు పెట్టే ముందు ఒక మాట: వాటిలో చాలావరకు పిస్తోలు తూటాల స్థాయికే తయారవుతాయి, ఏఆర్-15 వంటి రైఫిల్ తూటాను ఆపలేవు.

విన్నది చెప్పడం, నోరు జారకపోవడం

సీక్రెట్ సర్వీసు 2021లో మరో నివేదికలో, జరగకముందే ఆగిపోయిన 67 దాడుల పథకాలను పరిశీలించింది. వాటిలో ఎక్కువ భాగం ఆగడానికి కారణం తోటి విద్యార్థులు విన్నదాన్ని పెద్దలకు చెప్పడమే. కాపలా కెమెరాలకన్నా, లోహాన్ని పట్టే గుమ్మాలకన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం. కొలరాడోలో సేఫ్‌2టెల్, మిషిగన్‌లో ఓకే2సే, ఫ్లోరిడాలో ఫోర్టిఫై ఎఫ్ఎల్ వంటి, పేరు చెప్పకుండా తెలియజేసే ఏర్పాట్లు ఉన్నాయి. మీ జిల్లాలో ఏది ఉందో కనుక్కుని, పిల్లల ఫోన్లో పెట్టండి. మనకెందుకు, వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు, పోలీసుల గొడవ వద్దు అని ఇంట్లో పదేపదే అంటే, పిల్లలు విన్నది కడుపులోనే దాచుకుంటారు.

దీనికి మరో వైపు కూడా ఉంది. స్నాప్‌చాట్‌లో స్నేహితులను నవ్వించడానికి బడిని కాల్చేస్తానని రాసిన పిల్లవాడిని ఈ రోజుల్లో ఎవరూ నవ్వి వదిలేయరు. ఫ్లోరిడాలో అలా రాయడం తీవ్ర నేరం, టెక్సస్‌లో కూడా బెదిరింపు నేరంగా కేసు పెడతారు. 2024 సెప్టెంబరు 4న జార్జియాలోని అపలాచీ హైస్కూలులో నలుగురు చనిపోయిన తర్వాత దేశమంతటా ఇలాంటి బెదిరింపులకు పిల్లలను అరెస్టు చేశారు. ఫ్లోరిడాలో ఒక కౌంటీ షెరీఫ్ 11 ఏళ్ల బాలుడిని సంకెళ్లతో నడిపించిన వీడియోను అందరికీ చూపాడు. అది సరైనదా కాదా అన్నది వేరే చర్చ, మీ పిల్లవాడు మాత్రం ఆ వీడియోలో ఉండకూడదు. ఎవరో పంపిన బెదిరింపు స్క్రీన్‌షాటును గ్రూపుల్లో పంచుకోవడం కూడా అనుమానానికి తావిస్తుంది, దాన్ని బడికో, పోలీసులకో మాత్రమే పంపాలి. పోలీసులు మీ పిల్లవాడిని ప్రశ్నించడానికి పిలిస్తే, కుటుంబం వీసా మీద ఉన్నట్టయితే, మాట్లాడే ముందే క్రిమినల్ న్యాయవాదిని, వలస న్యాయవాదిని ఇద్దరినీ సంప్రదించాలి.

చర్చలో ఒక ప్రతిపాదనను పరీక్షించడం

గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో ఫోన్ చేసిన బంధువులు తప్పకుండా అడిగే ప్రశ్న, ఇన్నిసార్లు జరుగుతున్నా వాళ్లు తుపాకులను నిషేధించరెందుకని. స్కాట్లాండ్‌లోని డన్‌బ్లేన్‌లో 1996 మార్చిలో 16 మంది పిల్లలు, ఒక ఉపాధ్యాయురాలు చనిపోయాక బ్రిటన్ మరుసటి ఏడాదికల్లా చేతి తుపాకులను నిషేధించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది చనిపోయాక ఆస్ట్రేలియా లక్షల తుపాకులను తిరిగి కొని ధ్వంసం చేసింది. ఆ దేశాల్లో తుపాకి రాజ్యాంగ హక్కు కాదు. అమెరికాలో ఆయుధాలు కలిగి ఉండే హక్కును కాపాడే, 1791 నాటి రాజ్యాంగ రెండో సవరణ ఉంది. అది ప్రజాసైన్యానికి సంబంధించినదా, వ్యక్తి హక్కా అన్న వివాదాన్ని సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో 5-4 తేడాతో వ్యక్తి హక్కుగా తేల్చింది. దానికి తోడు సెనేటులో చాలా బిల్లులకు 60 ఓట్లు కావాలి. శాండీ హుక్ తర్వాత 2013 ఏప్రిల్‌లో ప్రైవేటు అమ్మకాలకు కూడా నేర చరిత్ర తనిఖీని విస్తరించే సవరణకు 54 ఓట్లు వచ్చి వీగిపోయింది.

విందుల్లో ఈ చర్చ వచ్చినప్పుడు పక్షం తీసుకునే ముందు, ప్రతి ప్రతిపాదనను జరిగిన ఘటనలకు పెట్టి చూడమని నా సూచన. అన్ని అమ్మకాలకూ తనిఖీ అన్నది కొలంబైన్‌కు సరిపోతుంది, ఎందుకంటే అక్కడి తుపాకుల్లో మూడింటిని 18 ఏళ్ల స్నేహితురాలు ఒక తుపాకుల సంతలో ప్రైవేటు విక్రేతల దగ్గర ఏ తనిఖీ లేకుండా కొనిపెట్టింది. 2000లో కొలరాడో ఓటర్లు ఆ దారిని మూసేశారు. శాండీ హుక్‌కు మాత్రం ఆ తనిఖీ సరిపోదు, ఆ తల్లి తనిఖీ దాటే కొన్నది. రైఫిల్ కొనే వయసును 21కి పెంచడం పార్క్‌లాండ్‌కు, యువాల్డీకి సరిపోతుంది, ఆ ఇద్దరూ టీనేజిలోనే చట్టబద్ధంగా కొన్నవారు. ఫ్లోరిడా 2018లో ఆ పని చేసింది కూడా. ఆక్స్‌ఫర్డ్‌కు అది పనికిరాదు, అక్కడ కావలసింది తాళం. యుద్ధ తరహా రైఫిళ్ల నిషేధం 1994 నుంచి 2004 వరకు అమలులో ఉండి గడువు తీరిపోయింది. వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయానికి అలాంటి నిషేధం సరిపోదు, 2007లో అక్కడ 32 మందిని చంపినవాడు వాడినవి రెండు పిస్తోళ్లే. అతనికి మానసిక చికిత్స తీసుకోమని న్యాయస్థానం ఆదేశించినా, ఆ వివరం తనిఖీ జాబితాకు చేరలేదు.

తుపాకి హక్కుల వైపు వారి ప్రతిపాదనలకూ ఇదే పరీక్ష పెట్టాలి. బడిలో సాయుధ కాపలా ఉంటే చాలనేవారు పార్క్‌లాండ్‌లో సాయుధ అధికారి భవనం బయటే ఉండిపోవడాన్ని, యువాల్డీలో జరిగినదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. కాపలా దండగ అనేవారు, అపలాచీలో బడి పోలీసులు ఎదురవగానే ఆ విద్యార్థి కొద్ది నిమిషాల్లోనే లొంగిపోవడాన్ని, 2023 మార్చిలో నాష్‌విల్‌లో ఒక బడిలో కాల్పులు జరిగినప్పుడు పోలీసులు సందేహించకుండా లోపలికి వెళ్లడాన్ని లెక్కలోకి తీసుకోవాలి. టెక్సస్ 2023లో ప్రతి బడికీ సాయుధ అధికారి ఉండాలని చట్టం చేసింది. టెన్నెసీ 2024లో ఉపాధ్యాయులు రహస్యంగా తుపాకి ధరించడానికి అనుమతించింది.

ఏ చట్టం వచ్చినా న్యాయస్థానంలో నిలవాలి. 2022 జూన్ 23న సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పులో, ఆంక్షలు దేశ చరిత్రలోని సంప్రదాయానికి తగినట్టు ఉండాలంది. యువాల్డీ తర్వాత రెండు పార్టీలు కలిసి తెచ్చిన చట్టాన్ని సెనేటు అదే రోజున ఆమోదించింది. 21 ఏళ్ల లోపువారి కొనుగోళ్లకు అదనపు తనిఖీ, రెడ్ ఫ్లాగ్ చట్టాలకు నిధులు అందులో ఉన్నాయి. ప్రమాదకరంగా మారిన వ్యక్తి నుంచి న్యాయమూర్తి ఉత్తర్వుతో తాత్కాలికంగా తుపాకి తీసుకునేదే రెడ్ ఫ్లాగ్ చట్టం. కనెటికట్ 1999లో మొదలుపెట్టగా ఇప్పుడు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఉంది, టెక్సస్‌లో లేదు. గృహహింస ఉత్తర్వు ఉన్నవారికి తుపాకి నిషేధించవచ్చని 2024 జూన్‌లో రహీమీ కేసులో 8-1తో వచ్చిన తీర్పు, ఇలాంటి చట్టాలకు కొంత ఊపిరి పోసింది.

ఓటు లేకపోయినా మాట్లాడే చోటు

వీసా మీద ఉన్నవారికి, గ్రీన్‌కార్డు వారికి ఓటు లేకపోయినా, స్కూలు బోర్డు సమావేశంలో మాట్లాడడానికి సాధారణంగా పౌరసత్వం అడగరు, ఆ జిల్లాలో నివసిస్తే చాలు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, దొరికే సమయం కొద్ది నిమిషాలే. రెండో సవరణ గురించి అక్కడ ఉపన్యసిస్తే ఫలితం ఉండదు, బోర్డుకు ఆ అధికారం లేదు. బోర్డు చేయగలిగింది అడగాలి: డ్రిల్లుకు ముందు తల్లిదండ్రులకు ఉత్తరం, తాళం పడే తరగతి తలుపులు, కౌన్సెలర్ల సంఖ్య, బెదిరింపులను అంచనా వేసే బృందం ఎన్నిసార్లు కలుస్తోందన్న వివరం. కాలిఫోర్నియాలో బడులు ఏటా ప్రతి ఇంటికీ తుపాకుల భద్రత గురించి, పిల్లలకు అందకుండా ఉంచవలసిన చట్టబద్ధ బాధ్యత గురించి లేఖ పంపాలని 2022లో చట్టం వచ్చింది. మీ రాష్ట్రంలో అలాంటి చట్టం లేకపోయినా, ఆగస్టు కాగితాల కట్టలో ఆ లేఖ చేర్చమని బోర్డును కోరవచ్చు. కొత్త చట్టమేమీ అక్కరలేదు, అయ్యే ఖర్చు ఒక కాగితమే. మీ ప్రాంతంలోని తెలుగు సంఘం వారు దాన్ని తెలుగులో తయారుచేసి ఇస్తే, ఇంట్లో ఉన్న అమ్మమ్మ తాతయ్యలు కూడా చదువుకోగలుగుతారు.